థియేటర్‌లో నిలిచి, ఇంట్లో తేలిపోయే సినిమాలు

శుక్రవారం రాత్రి. భోజనాలయ్యాక నలుగురూ టీవీ ముందు చేరారు. నెల కిందట థియేటర్లు దద్దరిల్లిపోయాయని విన్న సినిమా ఆ రోజే ఓటీటీలోకి వచ్చింది. ఇరవై నిమిషాలు గడిచేసరికి ఒకరి చేతిలోకి ఫోన్ వచ్చింది. గంట దాటాక ఇంకొకరు "మిగతాది రేపు చూద్దాంలే" అంటూ లేచారు. చివరిదాకా కూర్చున్నవాళ్లు పాటలన్నీ, ఫైట్లు సగం దాటించుకుంటూ వచ్చి, పన్నెండు దాటాక టీవీ కట్టేస్తూ అన్న మాట: "దీనికా అంత హడావిడి చేశారు?"

ఇంట్లో సినిమా చూసే తెలుగువాళ్ల నోట ఈ మాట కొన్నేళ్లుగా తరచూ వినబడుతోంది. ఇది విమర్శకులు రాసే సమీక్ష కాదు, ట్రేడ్ లెక్క కాదు. మామూలు ప్రేక్షకుడు తన ఇంట్లో తన తీరికలో ఇచ్చే తీర్పు. దీన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. మొదటి రోజు సందడీ, అభిమానుల గోలా, టికెట్ డబ్బులు గిట్టాలన్న పట్టుదలా ఏవీ తోడు లేకుండా సినిమా ఒంటరిగా నిలబడాల్సిన చోటు ఇల్లే. కానీ "బాలేదు" అన్న ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు నిరాశలు కలగాపులగంగా ఉంటాయి. సినిమాలో అసలు లేనిది ఒకటి. సినిమాలో ఉండి కూడా ఇంటిదాకా రాలేకపోయింది ఇంకొకటి. రెండూ విడదీస్తే తప్ప ఏ సినిమా ఎందుకు తేలిపోయిందో తెలియదు.

ముందు ఇంటిదాకా రానిదాని సంగతి. అందులోనూ మొదట మాట సంగతి.

ఒక సన్నివేశం. ఆసుపత్రి మంచం మీద తండ్రి, పక్కన కొడుకు. తండ్రి ఏదో గొణుగుతున్నాడు. టీవీ వాల్యూమ్ 18లో ఉంది, ఏమీ వినబడదు. 24కు పెంచితే సగం మాటలు అందాయి. 30కి పెంచి, పైన తిరుగుతున్న ఫ్యాన్ ఒక పాయింట్ తగ్గిస్తే అప్పుడు అర్థమైంది. అంతలో సీను మారింది. జీపులు దూసుకొచ్చాయి, తలుపులు విరిగాయి, నేపథ్య సంగీతం ఇల్లంతా విరుచుకుపడింది. పక్క గదిలో పడుకున్న పసిపిల్ల ఉలిక్కిపడి లేచింది. రిమోట్ కోసం తడుముకుని 12కు దించేలోపు ఫైట్ అయిపోయింది, హీరో మళ్లీ తగ్గు గొంతుతో మాట్లాడుతున్నాడు. రెండున్నర గంటల్లో ఇదే పదిహేనుసార్లు జరిగితే కథలో లీనమయ్యేది ఎప్పుడు? చివరికి తెలుగు సినిమాకు తెలుగు కుటుంబం ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని కూర్చుంటోంది.

కారణం చాలావరకు సాంకేతికం. థియేటర్ కోసం సౌండ్ మిక్స్ చేసేటప్పుడు గుసగుసకీ పేలుడుకీ మధ్య దూరం బాగా ఎక్కువ ఉంచుతారు. బయటి చప్పుడు లోపలికి రాని గది అది. గుసగుస అందుతుంది, పేలుడు ఒళ్లు జలదరింపజేస్తుంది. శబ్దాన్ని ఆరు, ఎనిమిది దారుల్లో విడదీసి పంపే 5.1, 7.1 మిక్సుల్లో పాత్రల మాట ప్రధానంగా తెర వెనక మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్ నుంచి వస్తుంది. సంగీతాన్నీ మిగతా శబ్దాలనూ పక్కలకీ వెనక్కీ పంచుతారు. డాల్బీ అట్మాస్ అయితే నడినెత్తి మీద కూడా స్పీకర్లుంటాయి. ఇంట్లో పలచటి టీవీకి ఉన్నవి తరచూ అడుగున దాక్కున్న రెండు చిన్న స్పీకర్లు. అన్ని దారుల్లో రావాల్సిన శబ్దం ఆ రెండు దారుల్లో ఇరుక్కుని వస్తుంది. మాట మీద సంగీతం ఎక్కి కూర్చుంటుంది.

దీనికి మన ఇళ్ల హాళ్లు తోడయ్యాయి. టైల్సో గ్రానైటో పరిచిన నేల, నున్నగా పుట్టీ పట్టించిన గోడలు, పలచటి కర్టెన్లు. శబ్దాన్ని పీల్చుకునే వస్తువు గదిలో సోఫా తప్ప దాదాపు ఉండదు. ప్రతి మాటా గోడలకు కొట్టుకుని, వెనక వచ్చే మాటతో కలిసిపోతుంది. అదే సినిమాను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్‌లో చూసినవాళ్లు మాట వినబడలేదని ఫిర్యాదు చేయకపోవడం గమనించాలి. తప్పు పూర్తిగా సినిమాది కాదనడానికి అదే సాక్ష్యం.

స్ట్రీమింగ్ సంస్థలకు ఈ ఇబ్బంది తెలుసు. నెట్‌ఫ్లిక్స్ తనకు ఇచ్చే మిక్సుల్లో సగటు స్థాయిని డైలాగును ఆధారంగా కొలిచి, అది మైనస్ 27 ఎల్‌కేఎఫ్‌ఎస్ (చెవికి శబ్దం ఎంత బిగ్గరగా తోస్తుందో చెప్పే కొలత) దగ్గర ఉండాలని నియమం పెట్టింది. చిన్న గదికి, దగ్గర నుంచి వినే స్పీకర్లకు సరిపోయేలా విడిగా మిక్స్ చేయడం కూడా ఉంది. ఆ పని శ్రద్ధగా చేయిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. థియేటర్ మిక్స్‌నే కాస్త సర్ది పంపితే ఆ భారమంతా చూసేవాళ్ల బొటనవేలి మీద, రిమోట్ మీద పడుతుంది. కోట్లు పెట్టి తీసిన సినిమాకు ఈ ఆఖరి మెట్టు దగ్గర అశ్రద్ధ చేయడం బాధ కలిగించే విషయం. థియేటర్‌లో ఉన్న నాలుగు వారాలు గడిచాక ఆ సినిమాను జీవితాంతం చూడబోయేది ఇళ్లలోనే.

ఈ దెబ్బ అన్ని సినిమాలకూ ఒకేలా తగలదు. 2021 డిసెంబరు 2న వచ్చిన 'అఖండ' సగం బలం తమన్ నేపథ్య సంగీతంలో ఉంది. ఆ శంఖనాదాలూ డప్పులూ ఛాతీలో మోగాలి. అవి ఛాతీలో మోగినప్పుడు తెర మీద జరిగేది నమ్మాలా వద్దా అన్న ప్రశ్నే రాదు. టీవీ స్పీకర్లు ఆ కింది స్థాయి నాదాన్ని పలికించలేవు. అప్పుడు మిగిలేది ఒక మనిషి నడిచి రావడం, కొందరు ఎగిరి పడటం. సంగీతం మోసుకెళ్లాల్సిన సన్నివేశం సంగీతం లేకుండా నడవలేదు. సినిమాను ఆ విధంగా కట్టారు కాబట్టి అది ఆ విధంగానే కూలుతుంది.

బొమ్మ విషయం ఇంకాస్త త్వరగా చెప్పుకోవచ్చు. పెద్ద తెలుగు సినిమాలు ఎక్కువగా స్కోప్‌లో తీస్తారు. వెడల్పూ ఎత్తూ నిష్పత్తి దాదాపు 2.39:1. టీవీ తెర 16:9. బొమ్మ పట్టడానికి పైనా కిందా నల్ల పట్టీలు వేయాల్సిందే. అంటే టీవీలో పావు వంతు చోటు నల్లగా ఖాళీగా ఉంటుంది. 43 అంగుళాల టీవీ కొన్నా సినిమా ఆడేది అందులో మూడు వంతుల మీదే. ఇక రాత్రి సన్నివేశాలు. హాల్లో ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే, తెర మీద చీకట్లో నిలబడ్డ విలన్ కంటే సోఫాలో కూర్చున్న మన ప్రతిబింబమే బాగా కనబడుతుంది.

డిజిటల్ థియేటర్ ప్రమాణం ప్రకారం బొమ్మకు సెకనుకు 250 మెగాబిట్ల దాకా డేటా ఇవ్వవచ్చు. ఇంట్లో 4కే బొమ్మకు నెట్‌ఫ్లిక్స్ అడిగే ఇంటర్నెట్ వేగం సెకనుకు 15 మెగాబిట్లు, ఫుల్ హెచ్‌డీకి 5. కుదించే పద్ధతులు రెండుచోట్లా వేరు కాబట్టి ఈ అంకెలను నేరుగా పోల్చి అన్ని రెట్లు తక్కువ అనేయడం సరికాదు. కానీ పొగ, దుమ్ము, వాన, నీడలు నిండిన ఫ్రేముల్లో తేడా కంటికి తెలుస్తుంది. నీడలు గళ్లుగళ్లుగా విడిపోతాయి. ఛాయాగ్రాహకుడు కష్టపడి పెట్టిన చీకటి మరకలా కనబడుతుంది.

ఇంకొకటి ఉంది, దీని గురించి మన దగ్గర మాట్లాడుకునేవాళ్లు తక్కువ. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. కొత్త టీవీల్లో మధ్యలో లేని ఫ్రేములను తనంతట తానే కల్పించి కదలికను నున్నగా చేసే సదుపాయం ఉంటుంది. చాలా టీవీల్లో అది దుకాణం నుంచి వచ్చేటప్పటికే ఆన్‌లో ఉంటుంది. క్రికెట్‌కు బాగుంటుంది. సినిమాను మాత్రం సీరియల్‌లా మార్చేస్తుంది. సెట్ సెట్‌లా, విగ్గు విగ్గులా కనబడతాయి. హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్ 2018 డిసెంబరులో దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీతో కలిసి ఒక వీడియో చేసి, ఇంట్లో సినిమా చూసేముందు దాన్ని ఆపేయండని ప్రేక్షకులను కోరాడు. "గ్రాఫిక్స్ చీప్‌గా ఉన్నాయి" అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం స్టూడియోలో కాదు, టీవీ సెట్టింగుల్లో ఉంది.

జనం లేని చప్పట్ల ఖాళీ

శబ్దం, బొమ్మ రెండూ డబ్బు పెడితే కొంతవరకు బాగుపడతాయి. సౌండ్‌బార్ కొనవచ్చు, లైట్ ఆర్పవచ్చు. జనాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకోలేం.

నవ్వు మీద ఏళ్ల తరబడి పరిశోధించిన అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ తేల్చిన విషయం ఒకటి ప్రసిద్ధం. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి నవ్వడం సుమారు 30 రెట్లు ఎక్కువ. థియేటర్‌లో బ్రహ్మానందం ముఖం కనబడగానే వెనక వరుసలో మొదలైన నవ్వు ముందు వరుసకు చేరేలోపు డైలాగే రాదు. ఇంట్లో అదే కామెడీ మొహం ముడుచుకుని చూస్తాం, "నవ్వు రాలేదు" అంటాం. సీను రాసినవాడి లోపం కొంత, గదిలో మనుషుల కొరత కొంత.

మాస్ సినిమాకు ఇది ఇంకా లోతైన సంగతి. హీరో ప్రవేశాన్నే తీసుకోండి. నేలను తాకే బూటు, వెనక ఎగిరే దుమ్ము, భుజం, చెయ్యి, చివరికి ముఖం. ముప్పై నలభై సెకన్లు స్లో మోషన్. ఆ సెకన్లు ఖాళీగా పెట్టినవి కావు, జనం నింపుతారని వదిలినవి. ఈలలు, గాల్లోకి ఎగిరే కాగితాలు, తెర దాకా పరుగెత్తే కుర్రాళ్లు అందులో భాగం. పంచ్ డైలాగ్ తర్వాత కనిపించే చిన్న విరామం కూడా అలాంటిదే. చప్పట్లలో తర్వాతి మాట మునిగిపోకుండా ఎడిటింగ్‌లో వదిలే జాగా. ఇంట్లో ఆ జాగాలోకి వచ్చేది ఫ్యాన్ చప్పుడూ, వంటింట్లో గిన్నెల మోతా. నలభై సెకన్లు ఒక మనిషి ఊరికే నడుస్తున్నట్టు ఉంటుంది. చిన్నపిల్లలు "ఎప్పుడు మాట్లాడతాడు?" అని అడుగుతారు. వాళ్లు అడిగేది న్యాయమైన ప్రశ్నే.

హరికథకు తాళం, బుర్రకథకు వంత ఉన్నట్టు మాస్ సినిమాకు జనం ఒక వాద్యం. ఆ వాద్యం తీసేసి విని పాట బాలేదంటే సగం నిజమే చెప్పినట్టు. మిగతా సగం నిజం కూడా ఉంది: వంత లేకపోయినా కథకుడి గొంతులో బలం ఉంటే కథ నిలబడుతుంది. హీరోను ఆకాశానికెత్తే సీన్లు, అంటే ఎలివేషన్ మీద ఎలివేషన్ పేర్చి, వాటి మధ్య కథను సుతిలి తాడులా వాడిన సినిమాలు ఇంట్లో నిలబడవు. ఇక్కడ ప్రేక్షకుడి నిరాశ పూర్తిగా న్యాయం.

ఇంటర్వెల్ కూడా ఇలాంటిదే. తెలుగు స్క్రీన్‌ప్లే ఇంటర్వెల్ చుట్టూ కట్టిన ఇల్లు. సరిగ్గా అక్కడ పెద్ద మలుపు, లైట్లు వెలగడం, బయట సమోసా, టీ, "సెకండాఫ్‌లో ఏం జరుగుతుందో" అన్న చర్చ. ఆ పదిహేను నిమిషాలు ప్రేక్షకుడు సినిమా గురించే మాట్లాడుతూ రెండో సగానికి తయారవుతాడు. ఇంట్లో ఇంటర్వెల్ కార్డు రెండు సెకన్లు మెరిసి పోతుంది, లేదా అసలు ఉండదు. గుండెలు అదిరే మలుపు వచ్చిన మరుక్షణమే నెమ్మదైన ఫ్లాష్‌బ్యాక్ మొదలవుతుంది. అప్పటికి రాత్రి పదకొండు. "సెకండాఫ్ ల్యాగ్" అని మనవాళ్లు అలవాటుగా అనే మాటలో నిద్రమత్తు వాటా ఎంతో ఎవరూ లెక్కేయరు.

డబ్బు పెట్టినచోట ఓపిక

హైదరాబాద్ మల్టీప్లెక్సులో ₹295 టికెట్ లెక్కన నలుగురికి ₹1,180. పార్కింగ్, పాప్‌కార్న్ వేరే. అంత పెట్టి, ట్రాఫిక్‌లో గంట ప్రయాణించి, చీకట్లో కూర్చున్న మనిషి సినిమాకు అవకాశం ఇస్తాడు. మొదటి ముప్పావుగంట సాగదీసినా "ముందుముందు ఉంటుందేమో" అని ఓపిక పడతాడు. బయటికొచ్చాక కూడా, పెట్టిన డబ్బు వృథా అయిందని ఒప్పుకోవడం కష్టం కనుక, బాగున్నవాటిని ఏరుకుని గుర్తుపెట్టుకుంటాడు. ఇంట్లో ఆ కట్టుబాటు లేదు. నెలవారీ చందా ఎప్పుడో కట్టేశారు. ఈ సినిమా కాకపోతే వేళ్ల చివర వెయ్యి సినిమాలు. పది సెకన్లు ముందుకు దూకే బటన్ ఉంది.

ఆ బటన్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. పాటలు దాటించి, కామెడీ ట్రాక్ దాటించి, ఫైట్లు కోసి చూసినవాళ్లకు కథ బాలేదని చెప్పే హక్కు ఉంది. నడక బాలేదని, భావోద్వేగం పండలేదని చెప్పే హక్కు లేదు. ఒక తల్లి చావుకు కన్నీళ్లు రావాలంటే ఆ తల్లి బతికున్న ఇరవై నిమిషాలు చూసి ఉండాలి. ఆ ఇరవై నిమిషాలే మనం సాధారణంగా దాటించేది.

పాత రోజుల్లో ఇంట్లో సినిమా ఇంత నిరాశ కలిగించిన దాఖలా లేదు. 1980ల్లో కలర్ టీవీ, వీసీఆర్ ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, మూడు క్యాసెట్లు వరసపెట్టి తెల్లవారేదాకా చూసిన ఇళ్లు ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో కోకొల్లలు. బొమ్మ మసక, రంగులు కారిపోయేవి, మధ్యలో గీతలు. అయినా ఎవరూ లేవలేదు. వాకిట్లో చాపలు పరుచుకుని ఇరవై ముప్పై మంది కూర్చునేవారు. అది ఇల్లే అయినా అక్కడ జనం ఉన్నారు, మరో దారి లేదు, చూడటమే ఒక పండగ. అంటే తెర నాణ్యత ఒక్కటే నిరాశకు కారణం కాదని ఆ చాపలే చెబుతున్నాయి.

2020 పరీక్ష

ఇల్లు సినిమాను ఏం చేస్తుందో చూడటానికి 2020, 2021 సంవత్సరాల కంటే మంచి పరీక్ష దొరకదు. కరోనా లాక్‌డౌన్‌లో థియేటర్లు మూతపడ్డాయి. థియేటర్ కోసం తీసిన సినిమాలు నేరుగా ఇళ్లలోకి వచ్చాయి. నాని 25వ సినిమా 'వి' 2020 ఉగాదికి థియేటర్లలో రావాల్సింది, సెప్టెంబరు 5న అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. అనుష్క నటించిన 'నిశ్శబ్దం' అక్టోబరు 2న వచ్చింది. 2021 వినాయక చవితికి, సెప్టెంబరు 10న, 'టక్ జగదీష్' వచ్చింది. దాన్ని థియేటర్లకు ఇవ్వకుండా ఓటీటీకి ఇచ్చారని తెలంగాణ ఎగ్జిబిటర్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు కూడా. పేరున్న తారలు, మంచి నిర్మాణ విలువలు, పండగ తేదీలు అన్నీ ఉన్నాయి. అయినా ఈ మూడింటి తర్వాతా చాలా ఇళ్లలో మిగిలింది పెదవి విరుపే.

అదే నెలల్లో, అవే సోఫాల్లో, అవే టీవీల్లో ఇంకొన్ని చిన్న సినిమాలు గుండెకు హత్తుకున్నాయి. మచిలీపట్నం నేపథ్యంలో రంగు వివక్ష మీద తీసిన 'కలర్ ఫోటో' 2020 అక్టోబరు 23న ఆహాలో వచ్చింది. తర్వాత 68వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. గుంటూరులో హోటల్ పెట్టి బొంబాయి చట్నీతో పేరు తెచ్చుకోవాలనుకునే కుర్రాడి కథ 'మిడిల్ క్లాస్ మెలోడీస్' నవంబరు 20న ప్రైమ్‌లోకి వచ్చింది. ఆటోలో దొరికిన కెమెరాతో ఊరంతా కలిసి సినిమా తీయబోయే 'సినిమా బండి' 2021 మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో. వీటిలో స్టార్లు లేరు, ఎలివేషన్లు లేవు.

ఎందుకిలా? 'వి', 'నిశ్శబ్దం' లాంటి థ్రిల్లర్లు ప్రేక్షకుడిని ఊపిరి బిగబట్టించాలి. ఊపిరి బిగబట్టడానికి చీకటి కావాలి, లేచి వెళ్లలేని స్థితి కావాలి. ఇంట్లో మధ్యలో పాజ్ చేసి, మంచినీళ్లు తాగి, "హంతకుడు వీడేనంటావా?" అని చర్చించుకుని మళ్లీ మొదలుపెట్టిన ప్రేక్షకుడు కథ కంటే రెండడుగులు ముందుంటాడు. మలుపు వచ్చేసరికి అది మలుపులా ఉండదు. హంతకుడి లెక్కలో చిన్న చిల్లు ఉన్నా దొరికిపోతుంది. వంటగది గట్టు, అట్లకాడ చప్పుడు, ఇంట్లో తండ్రీకొడుకుల కీచులాట లాంటివి మాత్రం టీవీలో చిన్నబోవు. అవి ఉన్న కొలతలోనే ఇంట్లోకి వస్తాయి. వెనక వంటింట్లో నిజంగానే కుక్కర్ విజిల్ వేస్తున్నప్పుడు తెర మీద హోటల్ వంటిల్లు మరింత నిజమనిపిస్తుంది.

'టక్ జగదీష్' సమస్య వేరు. ఉమ్మడి కుటుంబం, ఆస్తి తగాదాలు, మారిపోయిన అన్న, నిలబడే తమ్ముడు: ఇంట్లో చూడదగ్గ కథే. కానీ ఆ కథను తెలుగిళ్లు టీవీ సీరియళ్లలో రోజూ రాత్రి చూస్తూనే ఉన్నాయి. సీరియల్ వచ్చే తెర మీదే సీరియల్ లాంటి కథ పెడితే పోలిక తప్పదు.

పోలిక వల్ల నష్టపోయిన ఇంకో రకం రీమేకులు. పూర్వం రీమేక్ వ్యాపారమంతా భాషల మధ్య ఉన్న గోడ మీద నడిచింది. మలయాళంలోనో తమిళంలోనో ఏం వచ్చిందో తెలుగు ప్రేక్షకుడికి తెలియదు. లాక్‌డౌన్‌లో ఆ గోడ కూలిపోయింది. మలయాళ 'దృశ్యం 2' 2021 ఫిబ్రవరి 19న ప్రైమ్‌లో వచ్చింది. సబ్‌టైటిల్స్‌తో తెలుగువాళ్లు విరగబడి చూశారు. తొమ్మిది నెలలకు, నవంబరు 25న, అదే యాప్‌లో వెంకటేశ్ 'దృశ్యం 2' వచ్చింది. నటనలో లోటు లేదు, తీసిన విధానం శుభ్రంగా ఉంది. కానీ ఆ కథ ప్రాణమంతా చివరి అరగంట రహస్యంలో ఉంది, ఆ రహస్యం అప్పటికే ఇంట్లోవాళ్లకు తెలుసు. దాన్ని బాలేని సినిమా అనడం అన్యాయం. ఆలస్యంగా వచ్చిన సినిమా అనవచ్చు.

మలయాళ సినిమాల అలవాటు ఇంకో మార్పు కూడా తెచ్చింది. ఇంట్లో కూర్చున్న తెలుగు ప్రేక్షకుడి కొలబద్దే మారింది. హీరోయిన్‌కు నాలుగు పాటలు, రెండు సీన్లు ఇచ్చి వదిలేస్తే పదేళ్ల కిందట ఎవరూ ప్రశ్నించలేదు. ఇప్పుడు టీవీ ముందు కూర్చున్న అమ్మ, అత్త, చెల్లెలు ప్రశ్నిస్తున్నారు. మొదటి రోజు థియేటర్‌లో వినబడే గొంతులు ఎక్కువగా కుర్రాళ్లవి. ఇంటి తీర్పులో ఆడవాళ్ల గొంతు మొదటిసారిగా ఇంత స్పష్టంగా వినబడుతోంది. "ఆ అమ్మాయి ఎందుకు ప్రేమించింది వాణ్ని?" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు లేక ఎన్నో హిట్ సినిమాలు హాల్లో సోఫాల ముందు తడబడుతున్నాయి. ఇంటి నిరాశల్లో అన్నిటికంటే విలువైనది ఇదే. సౌండ్‌బార్ కొంటే తీరేది కాదు, రాసేవాళ్లు తీర్చాల్సింది.

భాష విషయానికొస్తే విదేశాల్లోని తెలుగువాళ్లకు ఇంకో రకం అనుభవం ఎదురైంది. 2022 మే 20న 'ఆర్ఆర్ఆర్' స్ట్రీమింగ్‌కు వచ్చినప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్నది హిందీ డబ్బింగ్. తెలుగు జీ5లో. రామరాజు, భీమ్ హిందీలో మాట్లాడుతుంటే పెదాల కదలిక ఒకటి, మాట ఒకటి. మన సినిమాను మనమే పరాయి భాషలో చూడాల్సి రావడం ఇంటి నిరాశల్లోకెల్లా చేదైనది. అయితే నెట్‌ఫ్లిక్స్‌లోని అదే హిందీ వెర్షన్ అమెరికాలో తెలుగు రానివాళ్లను కట్టిపడేసింది. జూన్ 1న అక్కడ థియేటర్లలో మళ్లీ ప్రత్యేకంగా వేశారు. ఇంట్లో చూసిన సినిమా జనాన్ని థియేటర్‌కు పంపడం అరుదు, కానీ జరిగింది. దృశ్యాల్లో కల్పనాశక్తి ఉంటే చిన్న తెర దాన్ని పూర్తిగా మింగలేదు.

థియేటర్ ఓడించింది, ఇల్లు నిలబెట్టింది

వ్యతిరేక దిశలో జరిగినదాన్ని కూడా చూడాలి, లేకపోతే ఇల్లు సినిమాలను చంపే చోటు అన్న అపోహ మిగులుతుంది. 2010 అక్టోబరు 7న వచ్చిన 'ఖలేజా'ను తీసుకోండి. 2007లో వచ్చిన 'అతిథి' తర్వాత మహేశ్‌బాబు మూడేళ్లు తెర మీద కనబడలేదు. పైగా 'అతడు' తీసిన త్రివిక్రమ్‌తో మళ్లీ సినిమా. జనం ఆ మూడేళ్ల ఆకలితో థియేటర్‌కు వెళ్లారు. టాక్సీ డ్రైవర్, ఎక్కడో ఒక పల్లె, వాళ్లు అతన్ని దేవుడనుకోవడం వాళ్లకు ఎక్కలేదు. సినిమా బాక్సాఫీసు దగ్గర దెబ్బతింది.

తర్వాత అది టీవీలోకి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, పండగ సెలవు, పనిలేని సాయంత్రం, ఎప్పుడు ఛానల్ మార్చినా వస్తుండేది. టీవీలో సినిమాను మొదటి నుంచి ఎవరూ చూడరు. ఎక్కడో ఒక సీను దగ్గర ఆగుతారు, పది నిమిషాలు చూస్తారు, ప్రకటనలు రాగానే లేస్తారు. ఆ పది నిమిషాల్లో నిలబెట్టగల సత్తా ఒక్క మాటకే ఉంది. త్రివిక్రమ్ మాటలు ముక్కలుగా విన్నా అందంగా ఉంటాయి, మహేశ్ ఎకసెక్కం ఎక్కడ మొదలుపెట్టినా నవ్విస్తుంది. మూడేళ్ల ఆకలి అప్పటికి తీరిపోయింది, హీరో నుంచి ఇది కావాలన్న పంతం లేదు. సినిమాను ఉన్నదున్నట్టు చూడటం కుదిరింది. థియేటర్‌లో అడ్డొచ్చిన అంచనా ఇంట్లో అడ్డు రాలేదు.

ఓటీటీలో ఇప్పుడు జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. 'పుష్ప' మొదటి భాగం 2021 డిసెంబరు 17న థియేటర్లలో వచ్చి, మూడు వారాలకే జనవరి 7న ప్రైమ్‌లోకి వచ్చింది. ఇలాంటి చిన్న వ్యవధిలో వంద కోట్ల పోస్టర్లు, గూస్‌బంప్స్ కబుర్లు గోడల మీద ఆరకముందే సినిమా ఇంట్లోకి వస్తోంది. మధ్యలో అంచనా చల్లారే సమయం లేదు. 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులు ఆపి కూర్చున్నప్పుడు చర్చించిన సమస్యల్లో ఓటీటీ గడువు ముఖ్యమైనది. వాళ్లు థియేటర్ వసూళ్ల కోణం నుంచి మాట్లాడారు, అది సహజం. ప్రేక్షకుడి నిరాశ కోణం నుంచి చూసినా ఎడం ఎక్కువ ఉండటమే మంచిది. ఎనిమిది వారాలు ఆగితే పొగడ్తలు మరుపున పడతాయి, సినిమా మిగులుతుంది.

కాబట్టి ఇంట్లో చూసి తేల్చిన అభిప్రాయాన్ని వినేటప్పుడు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక్క బిగిన చూశారా, మూడు రాత్రులు చూశారా? దాటించారా? మాట వినబడిందా? ఏ నిమిషం దగ్గర మనసు తప్పుకుంది? ఈ ఆఖరిది ముఖ్యం. "ఫ్లాప్ సినిమా, చెత్త" అన్న మాట వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. "చెల్లెలు చనిపోయిన తర్వాతి సీన్‌లోనే హీరో పాట పాడాడు, అక్కడ వదిలేశాను" అన్నవాళ్లు విమర్శకుల పని చేసినట్టే. వృత్తి విమర్శకుడు మొదటి ఆట చూసి సాయంత్రంలోగా రాయాలి, చుట్టూ అభిమానుల హోరు. ఇంటి ప్రేక్షకుడికి తొందర లేదు. అనుమానం వస్తే వెనక్కి వెళ్లి మళ్లీ చూడవచ్చు. పక్కన డెబ్భై ఏళ్ల తాతయ్య, పదేళ్ల మనవరాలు ఉన్నారు, ఇద్దరూ ఎక్కడ విసుక్కున్నారో కళ్లారా కనబడుతుంది. అలాంటి పరిశీలన ఏ ప్రివ్యూ షోలోనూ దొరకదు.

'ఖలేజా' 2025 మే 30న మళ్లీ థియేటర్లలోకి వచ్చింది. టికెట్లు కొన్నవాళ్లలో ఎంతోమంది 2010లో బడి పిల్లలు. వాళ్లకు ఆ సినిమా టీవీలోనే తెలుసు. ప్రకటనల మధ్య ముక్కలుముక్కలుగా చూసి కంఠతా పట్టిన డైలాగులను, తెర మీద మహేశ్ నోరు తెరవకముందే, హాలంతా ఒక్క గొంతుతో పలికారు.